తెల్లమచ్చను దాని అంచు దగ్గర చదవాలి

ఎంఆర్‌ఐలో ఫ్లెయిర్ అనే పద్ధతిలో తీసిన బొమ్మలో వైట్ మ్యాటర్ (మెదడు లోపల నరాల పోగులుండే భాగం) తెల్లబడిందంటే అక్కడ ఉండాల్సిన దానికన్నా నీరు ఎక్కువగా ఉందని అర్థం. అంతకుమించి ఆ తెలుపు ఏమీ చెప్పదు. నరాల పోగులను చుట్టిన మైలిన్ పొరలో కొవ్వు ఎక్కువ, నీటిని అది దరిచేరనివ్వదు. ఆ పొర ఊడిపోయినా, రక్తనాళంలోంచి ద్రవం ఊరినా, కణాలు చచ్చి ఖాళీ మిగిలినా బొమ్మ మీద పడే రంగు ఒకటే. ఏళ్ల తరబడి బీపీ అదుపు తప్పిన మెదడులోనూ అదే తెలుపు, మైగ్రేన్ ఉన్నవాళ్లలోనూ అదే, ఎంఎస్‌లోనూ (మల్టిపుల్ స్క్లెరోసిస్, సొంత నిరోధక శక్తే మైలిన్‌ను దెబ్బతీసే జబ్బు) అదే, వైరస్ తినేసిన మెదడులోనూ అదే. "రెండువైపులా వైట్ మ్యాటర్‌లో హైపర్‌ఇంటెన్సిటీలు ఉన్నాయి, క్లినికల్‌గా సరిచూసుకోండి" అని రాసి సంతకం పెట్టిన రిపోర్టు ఎవరికీ అక్కరకు రాదు.

వైరస్ జబ్బుల్లో ఈ బద్ధకం ఖరీదు మరీ ఎక్కువ. వైరల్ జ్వరం తగ్గాక నిరోధక శక్తి దారితప్పి మైలిన్ మీద పడే ఏడీఈఎం అయితే స్టెరాయిడ్ వెంటనే ఇవ్వాలి. మిథైల్‌ప్రెడ్నిసొలోన్ నరంలోకి, పిల్లలకు కిలోకు 20 నుంచి 30 మిల్లీగ్రాములు, రోజుకు 1 గ్రాము దాటకుండా, 3 నుంచి 5 రోజులు. అదే తెలుపు జేసీ వైరస్ తెచ్చిన పీఎంఎల్ (మైలిన్‌ను తినేసే మెదడు ఇన్‌ఫెక్షన్) అయితే అదే మందు మిగిలివున్న కాస్త రోగనిరోధక శక్తినీ ఊడ్చేస్తుంది. ఒకే రంగు మచ్చ, వైద్యం మాత్రం తూర్పూ పడమరా.

వైరస్ పేరు బొమ్మలో ఎక్కడా రాసి ఉండదు. అది మెదడును పాడుచేసిన పద్ధతి మాత్రం మచ్చ అంచులో దొరుకుతుంది. మచ్చ నడిబొడ్డు దాదాపు అన్ని జబ్బుల్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి, కార్టెక్స్ (మెదడు పైపొర) వైపు అంచు ఎలా ఉంది, వెంట్రికల్ (మెదడు లోపలి ద్రవపు గది) వైపు అంచు ఎలా ఉంది, పక్కనే ఉన్నా చెడకుండా మిగిలింది ఏమిటి అని వెతకాలి.

పీఎంఎల్‌తో మొదలుపెడదాం, ఈ పాఠం అన్నిటికన్నా బాగా నేర్పేది అదే. 1958లో దీన్ని మొదట వర్ణించినప్పుడు కారణం తెలియదు. లింఫోమా, ల్యుకీమియా ఉన్నవాళ్ల మెదళ్లలో కనిపించిన వింత మైలిన్ నష్టం, అంతే. 1971లో వైరస్ బయటపడింది. జేసీ అన్నవి అది దొరికిన రోగి పేరులోని మొదటి అక్షరాలు. పెద్దవాళ్లలో సగానికి పైగా ఈ వైరస్‌ను ఎప్పుడో ఒకప్పుడు తెచ్చుకున్నవాళ్లే, అది కిడ్నీలో చడీచప్పుడు లేకుండా పడి ఉంటుంది. నిరోధక శక్తి కూలినప్పుడు మెదడులో మైలిన్‌ను తయారుచేసే ఆలిగోడెండ్రోసైట్‌లను పట్టుకుంటుంది. కణం ఉబ్బుతుంది, పగులుతుంది, వైరస్ పక్క కణంలోకి పోతుంది. ఎండుగడ్డికి నిప్పంటుకున్నట్టే: మధ్యలో బూడిద, చుట్టూ మంట. బొమ్మలో కనిపించేదంతా ఈ ఒక్క వరస నుంచే పుడుతుంది.

మంట అంచు డిఫ్యూజన్‌లో, అంటే నీటి కదలికను చూపే బొమ్మలో, తెలుస్తుంది. ముందుకు పాకుతున్న గీత దగ్గర కణాలు ఉబ్బి ఇరుకై ఉంటాయి, నీరు కదలలేదు, బీ విలువ (ఆ కదలికకు స్కాన్ ఎంత సున్నితమో చెప్పే అంకె) 1000 దగ్గర తెల్లటి అంచు వెలుగుతుంది. వలయం పూర్తిగా ఉండాలని చూడకండి, చాలాసార్లు విరిగిన చేతిగాజులా ఒక పక్కనే ఉంటుంది. మధ్యలో కణాలు లేవు, నీరు స్వేచ్ఛగా తిరుగుతుంది, ఆ స్వేచ్ఛను కొలిచే ఏడీసీ పెరుగుతుంది. మామూలు వైట్ మ్యాటర్‌లో ఏడీసీ సుమారు 0.7 నుంచి 0.8 × 10⁻³ మి.మీ²/సెకను. పాత పీఎంఎల్ మచ్చ మధ్యలో అది స్పష్టంగా పైకి పోతుంది. ఇక్కడే ఒక తప్పు జరుగుతుంది: డిఫ్యూజన్ బొమ్మ మాత్రమే చూసి మచ్చ అంతా వెలుగుతోందని "ఇన్‌ఫార్క్ట్" (రక్తం అందక చచ్చిన భాగం) అనేయడం. అది టీ2 (నీరు తెల్లగా కనిపించే ఎంఆర్‌ఐ పద్ధతి) తెలుపు డిఫ్యూజన్‌లోకి తొంగిచూడటమే. ఏడీసీ మ్యాప్ పక్కన పెట్టుకోకుండా డిఫ్యూజన్ మీద ఒక్క మాటా చెప్పకూడదు.

ఇక కార్టెక్స్ వైపు అంచు. మెదడు మడతల అడుగున, కార్టెక్స్‌కు ఆనుకుని, ఒక మడత నుంచి పక్క మడతకు వంపు తిరిగే పోగులున్నాయి, యూ ఫైబర్లు. పీఎంఎల్ వాటిని వదలదు. అందువల్ల మచ్చ బయటి అంచు కార్టెక్స్‌ను అనుసరించి, కత్తితో కోసినట్టు, మెలికలు తిరిగి పదునుగా ఉంటుంది. లోపలి అంచు, అంటే ఆరోగ్యంగా ఉన్న వైట్ మ్యాటర్ వైపుది, పొగలా మసకబారి కలిసిపోతుంది. బయట పదును, లోపల మసక. ఒకే మచ్చకు రెండు రకాల అంచులు కనిపిస్తే పీఎంఎల్‌ను మొదట తలవాలి. ఎంఎస్ మచ్చ అలా ఉండదు. కోడిగుడ్డు ఆకారంలో, అన్ని వైపులా అంచు స్పష్టంగా, వెంట్రికల్‌కు లంబంగా నిలబడి, మధ్యలో సిరతో ఉంటుంది.

పరైటల్, ఆక్సిపిటల్, ఫ్రంటల్ భాగాలు దీనికి ఇష్టమైన చోట్లు. రెండువైపులా ఉన్నా సమానంగా ఉండదు. టీ1లో, అంటే నీరు నల్లగా కనిపించే బొమ్మలో, మచ్చ నల్లబడుతుంది, వారాలు గడిచేకొద్దీ ఇంకా నల్లగా. ఇంత పెద్ద మచ్చ ఉన్నా మడతలు నొక్కుకుపోవు, వెంట్రికల్ పక్కకు జరగదు. అరచెయ్యంత తెలుపు ఉండి ఏదీ నెట్టుకుపోలేదంటే అది వాపు కాదు, నష్టం. చిన్నమెదడులో అయితే మధ్య పెడంకిల్ (చిన్నమెదడును బ్రెయిన్‌స్టెమ్‌తో కలిపే పోగుల కట్ట) నుంచి పాకి డెంటేట్ న్యూక్లియస్ (చిన్నమెదడు లోపలి కణాల గుట్ట) చుట్టూ వైట్ మ్యాటర్‌ను తిని, న్యూక్లియస్‌ను మాత్రం వదిలేస్తుంది. ఆ వంపు రొయ్యలా ఉంటుందని రేడియాలజిస్టులు దాన్ని రొయ్య గుర్తు అంటారు. పేరు తమాషాగా ఉన్నా గుర్తు నమ్మదగినదే. పెద్ద మచ్చ చుట్టూ ఆవగింజల్లాంటి చుక్కలు చల్లినట్టు ఉంటే వాటిని పాలపుంత అంటారు. నటలిజుమాబ్ అనే ఎంఎస్ మందు తీసుకునేవారిలో ఈ చుక్కలకు విలువ ఎక్కువ, ఒక్కోసారి మొదట కనిపించేది అవే. ఎస్‌డబ్ల్యూఐలో (రక్తాన్ని, ఇనుమును నల్లగా చూపే పద్ధతి) మచ్చ పక్కన కార్టెక్స్ వెంబడి సన్నటి నల్ల చార కూడా వెతకండి.

నటలిజుమాబ్ మాట వచ్చింది కాబట్టి: ఈ ఎంఎస్ మందు పీఎంఎల్ వల్లే 2005లో మార్కెట్ నుంచి వెనక్కి వెళ్లి, 2006లో షరతులతో తిరిగొచ్చింది. జేసీ యాంటీబాడీ ఉండటం, రెండేళ్లకు మించి మందు వాడటం, అంతకుముందు నిరోధక శక్తిని అణచే మందులు వాడి ఉండటం, ఈ మూడూ ప్రమాదాన్ని పెంచుతాయి. అలాంటివారికి 3 నుంచి 6 నెలలకోసారి ఎంఆర్‌ఐ తీయాలన్నది యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2016లో ఇచ్చిన సూచన. నిఘా స్కాన్‌కు ఫ్లెయిర్, టీ2, డిఫ్యూజన్ ఉంటే చాలు, ప్రతిసారీ కాంట్రాస్ట్ (నరంలోకి ఇచ్చే గాడోలినియం మందు) ఎక్కించనక్కర్లేదు. లక్షణాలు రాకముందే మచ్చ దొరికినవారు ఎక్కువమంది బతికి బట్టకడతారు. ఆ మచ్చ చాలాసార్లు ఒక్కటే, ఫ్రంటల్ లోబ్‌లో, కార్టెక్స్ కింద, వేలిగోరంత ఉంటుంది. ఎంఎస్ మచ్చలు ముప్ఫై ఉన్న మెదడులో ముప్ఫై ఒకటోది పట్టుకోవాలి. కొత్త పాత బొమ్మలను ఒకే కోణంలో పక్కపక్కన పెట్టకపోతే అది కంటికి ఆనదు.

పుస్తకంలో పీఎంఎల్‌కు కాంట్రాస్ట్ పట్టదని ఉంటుంది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో అది చాలావరకు నిజం. నటలిజుమాబ్ పీఎంఎల్‌లో మాత్రం కనిపెట్టేనాటికే మూడోవంతుకు పైగా మచ్చలకు అంచున కాస్తయినా కాంట్రాస్ట్ పడుతుంది, వారి నిరోధక శక్తి పూర్తిగా చచ్చిపోలేదు కాబట్టి. కాంట్రాస్ట్ పట్టిందని పీఎంఎల్‌ను కొట్టేస్తే మొదటి మెట్టులోనే జారినట్టు.

దీనికి తోడు ఐరిస్, అంటే నిరోధక శక్తి తిరిగొచ్చేటప్పుడు రేగే వాపు. హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకో, నటలిజుమాబ్ ఆపాకనో రోగనిరోధక కణాలు తిరిగొచ్చి వైరస్ మీద విరుచుకుపడతాయి. మచ్చ ఉబ్బుతుంది, కాంట్రాస్ట్ మచ్చలుమచ్చలుగానో అంచు వెంటో వెలుగుతుంది, ఇంతదాకా నెట్టని మచ్చ ఇప్పుడు నెడుతుంది. రోగి క్షీణిస్తాడు, సీఎస్‌ఎఫ్‌లో (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) వైరస్ మాత్రం తగ్గుతూ ఉండవచ్చు. బొమ్మ చెడింది కాబట్టి మందు పనిచేయడం లేదని హెచ్‌ఐవీ మందులు ఆపేయడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. స్టెరాయిడ్‌కు పీఎంఎల్‌లో చోటుంటే ఈ వాపు ప్రాణాంతకమైన దశలోనే. రిక్వెస్ట్ ఫారం మీద ఏ మందు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది అన్న రెండు తేదీలు లేకుండా పీఎంఎల్ ముదిరిందో, ఐరిస్ వచ్చిందో చెప్పమని అడగడం అన్యాయం.

హెచ్‌ఐవీ స్వయంగా చేసే నష్టం పీఎంఎల్‌కు దాదాపు అద్దంలో ప్రతిబింబం. ఈ వైరస్ ఆలిగోడెండ్రోసైట్‌లను చంపదు. మైక్రోగ్లియా, మాక్రోఫేజ్‌లు అనే నిరోధక కణాల్లో కాపురముండి వాటి చేత విషం కక్కిస్తుంది. అందుకే అంచు లేదు. వెంట్రికల్ చుట్టూ, దాని పైనున్న వైట్ మ్యాటర్ అయిన సెంట్రమ్ సెమీఓవేల్‌లో రెండువైపులా సమానంగా పరుచుకున్న పల్చటి తెలుపు, పాలలో నీళ్లు కలిసినట్టు. యూ ఫైబర్లు మిగిలి ఉంటాయి. టీ1లో దాదాపు ఏమీ కనిపించదు. ఈ ఒక్క విషయమే చాలాసార్లు తేల్చేస్తుంది. ఫ్లెయిర్‌లో తెల్లగా, టీ1లో కనపడకుండా, సమానంగా ఉంటే హెచ్‌ఐవీ ఎన్‌సెఫలోపతీ. ఫ్లెయిర్‌లో తెల్లగా, టీ1లో నల్లగా, ఒక పక్కకు ఒరిగి, కార్టెక్స్ దాకా పోతే పీఎంఎల్. మెదడు వయసుకు మించి కుంచించుకుపోవడం హెచ్‌ఐవీలో దాదాపు ఎప్పుడూ తోడుంటుంది. రోగి తీరూ వేరే: హెచ్‌ఐవీలో ఆలోచన, కదలిక మొత్తంగా మందగిస్తాయి. పీఎంఎల్‌లో ఒక చెయ్యో, సగం చూపో, మాటో పోతుంది. ఒకే మనిషికి రెండూ ఉండవచ్చన్నది మరిచిపోవద్దు. అప్పుడు సమానమైన పల్చటి తెలుపు మీద ఒక్కచోట చిక్కటి తెలుపు కనపడుతుంది.

స్కాన్ తీసే పద్ధతి సరిగా లేకపోతే పైదంతా వృథా. 3డీ ఫ్లెయిర్ 1 మి.మీ. మందంలో తీస్తే యూ ఫైబర్లు తేలిగ్గా విడివడతాయి. 5 మి.మీ. మందంతో, మధ్యలో ఖాళీ వదిలి తీసిన పాత పద్ధతి ఫ్లెయిర్‌లో కార్టెక్స్, దాని కింది పోగులు ఒకే ముద్దగా కలిసిపోతాయి. చిన్నమెదడు, బ్రెయిన్‌స్టెమ్ దగ్గర 2డీ ఫ్లెయిర్‌ను నమ్మకండి. సీఎస్‌ఎఫ్ కొట్టుకోవడం వల్ల అక్కడ దొంగ తెలుపు వస్తుంది, నిజం మచ్చ మాయమూ అవుతుంది. టీ2 అడ్డకోత తప్పక ఉండాలి. కాంట్రాస్ట్ అవసరమైతే గాడోలినియం కిలోకు 0.1 మిల్లీమోల్, ఎక్కించాక కనీసం 5 నిమిషాలు ఆగి టీ1. కాంట్రాస్ట్‌కు ముందు టీ1 తీయకపోతే ఆ తర్వాతి తెలుపు రక్తమో కాంట్రాస్టో తెలియదు. నడుములో సూది గుచ్చే పనీ, కాంట్రాస్ట్ స్కానూ రెండూ ఉంటే, ఆలస్యం ప్రమాదం కానప్పుడు, స్కానే ముందు. సూది తర్వాత సీఎస్‌ఎఫ్ ఒత్తిడి పడిపోతే మెదడును కప్పే పొర అంతా కాంట్రాస్ట్‌తో వెలిగి మెనింజైటిస్ అన్న అనుమానం అనవసరంగా తలెత్తుతుంది. మత్తులో, 100 శాతం ఆక్సిజన్ మీద ఉన్న రోగికి ఫ్లెయిర్‌లో మడతల మధ్య నీరు తెల్లబడుతుంది. అది కూడా జబ్బు కాదు.

ఏడీఈఎం దగ్గర వైరస్ మెదడులో ఉండదు. జలుబో, దద్దుర్ల జ్వరమో వచ్చి తగ్గాక, సాధారణంగా 1 నుంచి 3 వారాల్లో, దాని కోసం తయారైన నిరోధక దాడి దారితప్పి మైలిన్ మీద పడుతుంది. ఎక్కువగా పిల్లల్లో. మచ్చలు పెద్దవి, చాలావరకు 1 నుంచి 2 సెం.మీ. పైనే, రెండువైపులా, అసమానంగా, దూదిపింజల్లా అన్ని వైపులా మసక అంచులతో. మెదడు లోతుల్లోని థాలమస్, బేసల్ గ్యాంగ్లియాలోకి కూడా వస్తాయి. వైట్ మ్యాటర్ జబ్బు అనుకుంటున్న దాంట్లో గ్రే మ్యాటర్ లోపలి గుట్టలు తెల్లబడితే ఏడీఈఎం వైపు తూకం మొగ్గుతుంది. టీ1లో నల్లటి గుంతలు అరుదు. స్పృహ మందగించడమో ప్రవర్తన మారడమో లేకుండా ఏడీఈఎం అనకూడదు, అదీ జ్వరం వల్ల వచ్చిందని సరిపెట్టలేనిదై ఉండాలి. వెన్నుపాము స్కాన్ కూడా అదే రోజు తీసేస్తే మంచిది. రక్తంలో ఎంఓజీ (మైలిన్ మీది ఒక ప్రొటీన్) యాంటీబాడీ పరీక్ష తప్పనిసరి, చాలామంది పిల్లల్లో అసలు జవాబు అక్కడే ఉంటుంది.

మొదటి రోజుల్లో తీసిన స్కాన్ మామూలుగా ఉంటే ఏడీఈఎం కాదని రాయకండి. బొమ్మ రోగి వెనకాల నడుస్తుంది. లక్షణాలు తగ్గకపోతే వారంలో మళ్లీ తీయాలి. ఎస్‌డబ్ల్యూఐలో ఆ మచ్చల నిండా చిన్న నల్లచుక్కలు, అంటే రక్తపు చుక్కలు, కనిపిస్తే అది 1941లో హర్‌స్ట్ వర్ణించిన రక్తస్రావ రూపం, గంటలు లెక్కపెట్టుకోవాల్సిన జబ్బు. రిపోర్టు టైపయ్యేదాకా ఆగకుండా ఫోన్ చేయాలి.

మెదడు రెండు సగాలను కలిపే కార్పస్ కలోసమ్ వెనక చివర, స్ప్లీనియం మధ్యలో, గుండ్రంగా ఒక్క మచ్చ. డిఫ్యూజన్‌లో వెలుగుతుంది, ఏడీసీ తక్కువ, కాంట్రాస్ట్ పట్టదు. ఫ్లూ, రోటా వైరస్ లాంటి వాటితో వచ్చిన పిల్లల్లో ఇది కనిపించి కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో మాయమవుతుంది. మూర్ఛ మందు ఒక్కసారిగా ఆపినా ఇదే బొమ్మ. ఇన్‌ఫార్క్ట్ అని భయపెట్టవద్దు, రెండోసారి స్కాన్ చేసి మాయమైందని రాస్తే చాలు.

తట్టు వైరస్ మెదడులో మిగిలిపోయి తెచ్చే ఎస్‌ఎస్‌పీఈ అందుకు పూర్తిగా ఎదురు. తట్టు వచ్చిన ఎన్నో ఏళ్లకు, బడిలో మార్కులు తగ్గడంతో మొదలై, ఉలికిపాటు కుదుపులతో ముదురుతుంది. మొదట్లో ఎంఆర్‌ఐ మామూలుగానే ఉండవచ్చు. తర్వాత మెదడు వెనక భాగాల్లో కార్టెక్స్, దాని కింద వైట్ మ్యాటర్ అసమానంగా తెల్లబడి, వెంట్రికల్ చుట్టూ పాకి, చివరికి మెదడు కుంచించుకుపోతుంది. ఇక్కడ బొమ్మ కన్నా ఈఈజీలో కొన్ని సెకన్లకోసారి తిరిగొచ్చే పెద్ద అలలకు, సీఎస్‌ఎఫ్‌లో తట్టు యాంటీబాడీకి విలువ ఎక్కువ. రేడియాలజిస్టు పని ఆ పేరును గుర్తుచేయడమే.

పసిపిల్లల దగ్గరికొస్తే కొలమానమే మారిపోతుంది. మైలిన్ ఇంకా తయారవుతున్న మెదడులో వైట్ మ్యాటర్ మామూలుగానే తెల్లగా ఉంటుంది. రెండేళ్లలోపు ఫ్లెయిర్‌ను పక్కనపెట్టి టీ1, టీ2 చూడాలి, వయసుకు తగ్గ పటంతో పోల్చాలి. వెంట్రికల్ వెనక మూల దగ్గర ఆ తర్వాత కూడా పల్చటి తెలుపు మిగలడం జబ్బు కాదు. గర్భంలో సోకిన సీఎంవీ (సైటోమెగలో వైరస్)కి ఒక చిరునామా ఉంది: టెంపొరల్ లోబ్ ముందు కొనలో తెల్లదనం, చిన్న నీటి తిత్తులు. దానితో పాటు పరైటల్ లోతుల్లో మచ్చలు, వెంట్రికల్ పక్కన సున్నపు చుక్కలు, మడతలు సరిగా ఏర్పడకపోవడం. సున్నం సీటీలోనే బాగా తెలుస్తుంది. ఈ పిల్లలను ల్యూకోడిస్ట్రోఫీ (జన్యులోపంతో వచ్చే వైట్ మ్యాటర్ జబ్బు) అనుకుని జన్యు పరీక్షల చుట్టూ ఏళ్లు తిప్పడం మామూలే. తేడా కాలంలో ఉంది: సీఎంవీ మచ్చలు ముదరవు, ల్యూకోడిస్ట్రోఫీ ముదురుతుంది. చిక్కేమిటంటే పుట్టిన 21 రోజుల్లోపు తీసిన మూత్రంలోనో లాలాజలంలోనో వైరస్ దొరికితేనే గర్భంలో సోకిందని గట్టిగా అనగలం. ఆ గడువు దాటితే పుట్టినప్పుడు మడమ గుచ్చి ఆరబెట్టిన రక్తపు చుక్క భద్రంగా ఉందేమో వెతకాలి.

పుట్టిన కొన్ని రోజులకే జ్వరం, ఫిట్స్‌తో వచ్చిన శిశువులో పరెకోవైరస్ గానీ, ప్రసవం దగ్గర్లో తల్లికి వచ్చిన చికున్‌గున్యా గానీ వెంట్రికల్ చుట్టూ వైట్ మ్యాటర్‌ను, కార్పస్ కలోసమ్‌ను పట్టుకుంటుంది. డిఫ్యూజన్‌లో చీపురు విప్పినట్టు గీతలు వెలుగుతాయి. వారం పది రోజులు దాటితే డిఫ్యూజన్ మామూలైపోయి, టీ2 ఇంకా పల్చగా ఉండి, స్కాన్ బాగానే ఉందన్న భ్రమ కలుగుతుంది. ఆ తర్వాత అదే చోట తిత్తులు. జబ్బుపడ్డ మొదటి వారంలోనే డిఫ్యూజన్ తీయాలి.

ఇక మారువేషాలు. అవయవ మార్పిడి జరిగినవాళ్లలో ప్రెస్ (బీపీ వల్లో మందుల వల్లో మెదడులో వచ్చే తాత్కాలిక వాపు) కూడా పరైటల్, ఆక్సిపిటల్ భాగాల్లో కార్టెక్స్ కింద తెలుపు తెస్తుంది, చోటు అచ్చం పీఎంఎల్‌దే. కానీ ప్రెస్ గంటల్లో వస్తుంది, తలనొప్పి, ఫిట్స్, పెరిగిన బీపీ తోడు, రెండువైపులా దాదాపు సమానం, ఒకటి రెండు వారాల్లో చాలావరకు వెనక్కి పోతుంది. పీఎంఎల్ వారాల మీద పాకుతుంది, వెనక్కి పోదు. పిల్లల్లో ప్రతి జ్వరానికీ ఒక మెట్టు దిగజారే వైట్ మ్యాటర్ జబ్బు ఒకటుంది, వానిషింగ్ వైట్ మ్యాటర్. వైరస్ అక్కడ అగ్గిపుల్ల మాత్రమే, అసలు లోపం జన్యువులో. టీ2లో తెల్లగా ఉన్న వైట్ మ్యాటర్ ఫ్లెయిర్‌లో సీఎస్‌ఎఫ్‌లా నల్లబడి, లోపల దారాల్లాంటి గీతలు మిగిలితే అదే.

బొమ్మ తర్వాత సీఎస్‌ఎఫ్. జేసీ వైరస్ పీసీఆర్ ఏ ల్యాబుకు పోతుందో కనుక్కోండి. మి.లీ.కు 10 కాపీల దాకా పట్టే పరీక్షకూ, కొన్ని వందలుంటేనే పట్టేదానికీ చాలా తేడా. మచ్చ చిన్నదైతే నెగెటివ్ రావచ్చు, అనుమానం బలంగా ఉంటే మళ్లీ పంపాలి, అప్పటికీ తేలకపోతే బయాప్సీ. మూత్రంలో వైరస్ దొరకడానికి విలువ లేదు, ఆరోగ్యవంతుల్లో చాలామంది దాన్ని విసర్జిస్తారు. రక్తంలో యాంటీబాడీ ప్రమాదాన్ని చెబుతుందే తప్ప జబ్బును చెప్పదు.

పీఎంఎల్ అనుమానమున్న రిపోర్టులో యూ ఫైబర్లు పోయాయా మిగిలాయా, టీ1లో ఎంత నలుపు, డిఫ్యూజన్ అంచు ఏ పక్కన, నెట్టుడు ఉందా, కాంట్రాస్ట్ పట్టిందా అన్న అయిదూ, లేనివి లేవని సహా, రాయాలి. తర్వాతి స్కాన్ వీలైతే అదే మెషీన్ మీద, అదే సీక్వెన్స్‌తో. ఫిల్ములు కాకుండా డైకామ్ ఫైళ్లు (స్కాన్ అసలు డిజిటల్ ఫైళ్లు) తెప్పించుకోండి. పోల్చేటప్పుడు ఫ్లెయిర్ మీద సైజు ఒక్కటే కొలిచి "మారలేదు" అనకండి: మచ్చ అంతే ఉండి డిఫ్యూజన్ అంచు ఆరిపోతే మంట చల్లారుతున్నట్టు, మచ్చ అంతే ఉన్నా అంచు ఇంకా వెలుగుతుంటే వచ్చే నెల స్కాన్‌కు ఇప్పుడే తేదీ ఇవ్వాలి.